బిగుతు కాలు, వదులు కాలు

డ్రైవరుగారు బస్సు దిగి ఇంట్లో కూర్చున్నారన్న మాటేగాని, కాలు మాత్రం ఊరుకోలేదు. బతుకంతా పెడలు తొక్కిన కాలాయె, ఏదో ఒకటి తొక్కకపోతే దానికి తోచదు. అందుకని కాలితో తొక్కే రాట్నం ఒకటి తెచ్చి, ముందుగదిలో కిటికీ పక్కన వేసుకుని, ఉన్ని వడకడం మొదలుపెట్టారు. ఆ దారంతో మేజోళ్ళు అల్లడమూ నేర్చుకున్నారు. ఎవరైనా గదిలో అడ్డంగా నడిస్తే చాలు, పాత అలవాటుకొద్దీ కాలు బ్రేకు నొక్కేసేది, దారం పుటుక్కున తెగేది. అడ్డం వచ్చినవాళ్ళని పాపం ఏమీ అనేవారు కాదు, హారన్ కొట్టినట్టు ఒకసారి గొంతు సవరించుకునేవారు.

ఆయన కోపమంతా వేళ్ళలో ఉండేది. కోపం వస్తే అల్లిక బిగిసిపోయేది, మనసు కుదుటపడితే వదులయ్యేది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప.

అల్లుడికీ, పాలవాడికీ, ఎదురింటి మాస్టారికీ, అందరికీ అల్లి ఇచ్చారు. కట్టుకున్న భార్య మాత్రం ఒక్క జతైనా తొడుక్కోలేదు. ఇచ్చినప్పుడల్లా తడిమి చూసి, బాగున్నాయండీ అని బీరువాలో పెట్టేసేది. చలికి కాళ్ళు కొంకర్లు పోతున్నా సరే, పాత చీరముక్క కప్పుకుని కూర్చునేది. ఆయనకి ఇదే కొరుకుడు పడలేదు. చివరికి ఉక్రోషం పట్టలేక, చుట్టపుచూపుగా వచ్చిన చెల్లెలి ముందే తేల్చి చెప్పేశారు. ఈసారి జత కూడా మీ వదిన తొడుక్కోకపోతే రాట్నాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానన్నారు. అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదాయన, పైగా చెల్లెలు సాక్షి.

ఆ చెల్లెలు వెళ్తూ వెళ్తూ చిచ్చుపెట్టి పోయింది. కర్టెన్లు మాసినట్టున్నాయంది. వదినగారు ఒంటికాలి మీద లేచింది. ఈయన నోరు మూసుకుని ఊరుకోవచ్చా? అన్నదాంట్లో తప్పేముందన్నారు. అంతే, ఇంట్లో మాటల్లేవు. కంచం దబ్బున పెట్టడం, గ్లాసు ఠంగున దించడం. ఆ మౌనవ్రతంలోనే మొదటి మేజోడు పూర్తయింది. తర్వాత ఆయనే ఒక మెట్టు దిగి, కర్టెన్లు ఉతికి ఆరేశారు. ఆవిడ నవ్వింది. రెండోది రేడియో పెట్టుకుని, కూనిరాగాలు తీస్తూ అల్లేశారు.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఒకటి బడిపిల్లకి సరిపోయేలా ఉంది, రెండోది పహిల్వానుకి. ఖర్మకి అప్పుడే వీధిలో పాత సామాన్లవాడి కేక వినబడింది. రాట్నం చక్రం మీద చెయ్యి వేసి ఉండిపోయారు.

ఇంతలో భార్య వచ్చి ఆ జత లాక్కుంది. కుర్చీలో కూర్చుని చిన్నది కుడికాలికీ, పెద్దది ఎడమకాలికీ తొడుక్కుంది. రెండూ కొలిచి చేసినట్టు పట్టాయి. ఆయన వంగి చూశారు. ఎడమపాదం చీలమండ దాకా ఉబ్బి ఉంది.

"ఇదేంటి, ఈ కాలు ఇలా వాచింది?"

"వానల్లో బాత్రూంలో జారాను కదా, అప్పట్నుంచీ ఇంతే. మీరు అల్లినవి ఈ కాలికి ఎక్కేవి కావు. చెబితే మీ చెల్లెలితో చెబుతారు, ఇద్దరూ కలిసి నన్ను ఆస్పత్రిలో పడేస్తారని ఊరుకున్నా."

ఇన్నాళ్ళూ కళ్ళముందే తిరుగుతున్న మనిషి రాట్నానికి అడ్డం వస్తోందని చూశారే గాని, కాలీడ్చుకుంటోందని చూడలేదు. ఆయనకి సిగ్గేసింది. సామాన్లవాణ్ణి కిటికీలోంచే పంపేసి, ఆటో పిలిచారు. కంగారేం లేదు, వాపు తీయడానికి టైం పడుతుంది, కాళ్ళు వెచ్చగా ఉంచుకోమన్నాడు డాక్టరు.

అయితే మార్చుకోడానికి ఇంకో జత ఉండాలిగా. పెద్దది ఇట్టే అల్లేశారు. చిక్కంతా చిన్నదానితోనే. కోపం వస్తేనే మీ అల్లిక బిగుస్తుందని ఆవిడే చెప్పింది గాని, ఎంత పళ్ళు బిగించినా కోపం రాదే! ఆవిడ కాలివంక చూస్తే చాలు, చెయ్యి మెత్తబడిపోతోంది. అల్లినదంతా విప్పి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ విప్పారు. ఎదురుగా మేజోళ్ళ కాళ్ళు పీటమీద చాపుకుని కూర్చున్న ఆవిడకి ఆ అవస్థ చూసి జాలేసింది.

"ఏమండీ, అసలు మీ చెల్లెలు ఎప్పుడైనా కర్టెన్లు ఉతికిన మొహమేనా?" అంది.

డ్రైవరుగారి వేళ్ళు బిగుసుకున్నాయి.