ఏడుగురు అడ్మిన్లు, ఒక వ్యాను

మా సేవా సంఘానికి వెబ్‌సైటు కావాలని తీర్మానం చేసిన రోజున, అందులో ఏముండాలన్న దాని మీద చర్చ జరగలేదు. ఎవరి ఫొటో పైనుండాలన్న దాని మీద మాత్రం రెండోసారి టీలు వచ్చేదాకా జరిగింది. సంఘం చేసే పని ఒక్కటే. అంతర్వేది వైపు ఊళ్ళలోని కిడ్నీ రోగులను డయాలసిస్ కోసం అమలాపురం ఆసుపత్రికి వ్యానులో ఉచితంగా తీసుకెళ్ళి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపడం. వ్యాను ఏ రోజున, ఏ దారిలో, ఎన్నింటికి వస్తుందో ఆ ఇళ్ళవాళ్ళకు తెలియాలి. సైటు అవసరం నిజానికి అంతవరకే.

నేను రాజోలులో ఒక కొబ్బరి కొట్లో లెక్కలు చూస్తాను. కంప్యూటరు నాకు ఎవరూ నేర్పలేదు. అందుకే అది నాకు బాగా వచ్చని అందరూ నమ్మి, పని నాకే అప్పగించారు. సైటు నడిపే సాఫ్ట్‌వేరును ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి ఊరికే ఇస్తున్నారని, లోపలి రాతంతా తెరిచే ఉంచుతారని, మనకు కావలసినట్టు మార్చుకోవచ్చని, దాన్ని ఓపెన్ సోర్స్ అంటారని చెప్పాను.

“ఊరికే ఎందుకిస్తారండీ? ఏదో తిరకాసు ఉండే ఉంటుంది,” అన్నారు అధ్యక్షులుగారు. ‘ఉచిత సేవే మా ఆశయం’ అని ఆఫీసు గోడ మీద రాయించింది ఆయనే.

డబ్బు పెట్టే మరో దారి చూపించగానే తిరకాసు అనుమానం పోయింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఆ సాఫ్ట్‌వేరులో ఒక్కొక్కరికి ఒక్కో స్థాయి ఇవ్వాలి. అడ్మినిస్ట్రేటర్ ఏదైనా మార్చవచ్చు, ఏదైనా తీసెయ్యవచ్చు. ఎడిటరు రాతలు దిద్దుతాడు. సబ్‌స్క్రైబర్ చూస్తాడు, అంతే. మా సంఘంలో అధ్యక్షులు, గౌరవాధ్యక్షులు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహ కార్యదర్శి, కోశాధికారి ఉన్నారు. నేను తప్ప మామూలు సభ్యులు మాత్రం లేరు.

“ఈ సబ్‌స్క్రైబరంటే ఏంటండీ?” అన్నారు గౌరవాధ్యక్షులుగారు.

“చూడొచ్చండి. మార్చడానికుండదు.”

“అంటే నేనూ, మన వ్యాను డ్రైవరూ ఒకటేనాండీ?”

డ్రైవరు వ్యానైనా తిప్పుతాడని నేను అనలేదు. ఉద్యోగం చేసుకునేవాణ్ణి, పెద్దవాళ్ళతో పేచీ ఎందుకని. ఏడుగురినీ అడ్మినిస్ట్రేటర్లను చేశాను.

ఇక మా సైటుకు గోదావరి సముద్రంలో కలిసే మొగలాగే పోటూ పాటూ మొదలైంది. పొద్దున అధ్యక్షులుగారి ఫొటో పైనుంటే, మధ్యాహ్నానికి కార్యదర్శిగారు ఎక్కేవారు. సాయంత్రానికి ఉపాధ్యక్షులు ఒకరినొకరు దింపుకునేవారు. వ్యాను వేళల పేజీ అడుగున ఉన్నంతకాలం నేను పట్టించుకోలేదు.

ఒకసారి కాలవ మీద వంతెన మరమ్మతు వచ్చి, వ్యాను అవతలి గట్టు మీదుగా వెళ్ళాల్సి వచ్చింది. ముందురోజే ఆ సంగతి పేజీలో పెట్టాను. ఎవరో ఆ పేజీని మళ్ళీ చిత్తుప్రతిగా మార్చేశారు. అంటే లోపల ఉంటుంది, బయటివాళ్ళకు కనిపించదు. మర్నాడు ఒకామె ఫోను చేసింది. ఆమె భర్త ఇదివరకు సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు మా వ్యాను ఎక్కుతున్నాడు.

“బాబుగారూ, యాను రాలేదండి. ఎప్పుడూ ఎక్కేచోటే నిలబడ్డామండి. ఫోన్లో సూత్తే పెద్దోళ్ళ బొమ్మలే ఉన్నాయండి. మా యాను ఏదండి?”

వాళ్ళు ఆటో కట్టించుకుని వెళ్ళేసరికి వాళ్ళ వంతు దాటిపోయింది. మర్నాటికి రమ్మన్నారు. ఆయన కాళ్ళు వాచి, పడుకుంటే ఊపిరాడక, తెల్లవార్లూ కూర్చునే ఉన్నాడట.

సమావేశం పెట్టించాను. పేజీ తీసిందెవరని అడిగితే, కంప్యూటరు వైపే చూడలేదని ఏడుగురూ అన్నారు. ఎవరు తీశారో సాఫ్ట్‌వేరు తనంతట తానే రాసిపెట్టుకుంటుందని వాళ్ళకు తెలియదు. నేను చెప్పలేదు. పేజీలు మార్చే అధికారం ఒకరిద్దరికే ఉంచుదామన్నాను.

“అంటే మా హోదా తగ్గిస్తారా?” అన్నారు కార్యదర్శిగారు. మంచం మీద కూర్చున్న మనిషి ఊసు ఎవరూ ఎత్తలేదు.

“తగ్గించడమేంటండీ, పెంచుదామనే వచ్చేను,” అన్నాను.

లోపలి రాత తెరిచే ఉంటుందని చెప్పాను కదా. ఆ రాత్రే స్థాయిల పేర్లు మార్చేశాను. చూడడం తప్ప ఏమీ చెయ్యలేని స్థాయికి ‘మహా నిర్వాహకులు’ అని పేరు పెట్టి, ఏడుగురినీ అందులో కూర్చోబెట్టాను. అన్నీ చెయ్యగల స్థాయి పేరు ‘సహాయకుడు’. దాన్ని ఎవరూ అడగలేదు. నేనూ, వ్యాను డ్రైవరూ తీసుకున్నాం.

అధ్యక్షులుగారు రెండు రోజులకే ఫోను చేశారు. “మహా నిర్వాహకుల వారికి స్వాగతం అని బాగానే వత్తోందండీ. మరి ఫొటో మారదేంటండీ?”

“మీ స్థాయివాళ్ళు చేత్తో చెయ్యరండీ. కిందవాళ్ళకి చెప్తారు, చేస్తాం.”

“ఆయ్, అదీ నిజమేలెండి.”

తర్వాతి వంతుకు ముందు ఆమె ఫోను చేసింది. “ఈసారి అవతలి గట్టుకేనాండి?”

“ఆయ్, అక్కడికేనమ్మా.”

“తెల్లారేసరికి మళ్ళీ మాయమైపోద్దా ఏంటండి?”

“పోదమ్మా. తీసేసేవాళ్ళందరికీ పెద్ద పదవులిచ్చేసేం.”

ఆమెకు నమ్మకం కలగలేదు. వ్యాను ఎక్కాక చెబుతానని పెట్టేసింది. చెప్పిన ప్రకారం మర్నాడు చేసింది కూడా. వెనక నుంచి ఆమె భర్త, కిటికీ మూసెయ్యమని డ్రైవరుతో దెబ్బలాడుతున్నది ఫోన్లో వినిపించింది.