ఏడో నంబరు నత్తకు మరమ్మతు

మా మేనమామ ముప్పయ్యేళ్ళు తాపీమేస్త్రి. మోకాళ్ళు మొరాయించాక పరంజా ఎక్కడం మానేసి, సముద్ర జీవుల పరిశోధనశాలలో తొట్లు కడిగే పనికి కుదిరాడు. పని మారింది గానీ చెయ్యి మారలేదు. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే గోడ మీద వేలితో తట్టి, లోపల గుల్లగా ఉందేమో చూస్తాడు. సొంత వంటింటి గోడ పగులు మాత్రం పదకొండేళ్ళుగా ఆయన కంట పడలేదు.

ఆ తొట్లలో సముద్రపు నత్తలుండేవి. వాటి పెంకు ఎలా పెరుగుతుందో చూడటం అక్కడి మేడమ్ పని. నెలకోసారి ఒక్కోదాన్నీ బయటికి తీసి, కొలిచి రాసుకునేది. అలా నాలుగేళ్ళ కొలతలు పోగయ్యాయి.

ఒకరోజు తొట్టి కడుగుతుంటే ఏడో నంబరు నత్త మామయ్య చేతిలోంచి జారింది. పెంకు అంచు గోరంత ఊడింది. ఇంకొకరైతే మేడమ్‌కు చెప్పేవారు, లేదా నోరు మూసుకునేవారు. మామయ్యకు పగులు చూశాక చెయ్యి ఊరుకోలేదు. తెల్ల సిమెంటు తెచ్చి, అగ్గిపుల్లతో పూసి, గరుకు కాగితంతో నునుపు చేశాడు. అలవాటు కొద్దీ అంచు కాస్త ముందుకు కూడా లాగాడు, లోపలికి వాన జల్లు పడకుండా. నీళ్ళలో బతికే నత్తకు.

ఎనిమిదో రోజున మేడమ్ కొలిచి నిర్ఘాంతపోయింది. నెలకు ఒక్క మిల్లీమీటరైనా పెరగని పెంకు నాలుగు పెరిగింది. ఇది పై వాళ్ళకు రాసి పంపాల్సిన విషయమంది. మామయ్య ఇరుకున పడ్డాడు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆవిడ నాలుగేళ్ళ కష్టం సిమెంటు పాలవుతుంది.

అన్నం సహించక కూర్చుంటే అత్తయ్య సంగతంతా రాబట్టింది.

"నత్తింటికి పూటలో పూత పూశారు. నా వంటింటికి మాత్రం తీరిక లేదు," అంది. కంచం ముందుకు జరిపి, "వెళ్ళి చెప్పెయ్యండి. ఉద్యోగం పోతే గోడైనా బాగుపడుతుంది," అంది.

మర్నాడే చెప్పాడు. ఆ ధైర్యానికి నాకు ఇప్పటికీ ఆయనంటే గౌరవం. మేడమ్‌కు కోపం వచ్చింది, దాచుకోలేదు కూడా.

"పూసింది మీరే కదా, ఒలిచేదీ మీరే."

మామయ్య చిన్న పట్టకారుతో సిమెంటు పెచ్చు ఊడదీశాడు. కింద, విరిగిన చోట, పల్చటి కొత్త పొర కనిపించింది.

"ఇది నేను పూసింది కాదండీ."

"కాదు, అదే పూసుకుంది. పెంకు లోపల దానికి మెత్తటి చర్మం ఒకటుంటుంది. నీళ్ళలోంచి సున్నం తీసుకుని, ఆ చర్మంతోనే అంచున కాస్త కాస్త చేరుస్తుంది. పుట్టినప్పటి గది పెంకు మొన దగ్గర అలాగే ఉంటుంది. ఇల్లు మారదు, పెంచుకుంటుంది."

"పరంజా లేకుండానా?"

"మేస్త్రి కూడా లేకుండానే."

మామయ్య మొహం చిన్నబోయింది. మేడమ్ ఆ నాలుగు మిల్లీమీటర్ల కొలత కొట్టేసి, ఏడో నంబరు పక్కన 'మరమ్మతు, తొమ్మిది రోజులు' అని రాసుకుంది. ఆ పొర రోజుకెంత మందమవుతుందో చూసి చెప్పే పని మామయ్యకే అప్పగించింది, రెండు చేతులతో పట్టుకోవాలన్న షరతు మీద.

ఆదివారం ఆయన వంటింటి గోడకు పూత పూశాడు. అత్తయ్య చెయ్యి పెట్టి నిమిరి చూసింది.

"నత్తకు తొమ్మిది రోజులే పట్టిందన్నారు కదూ," అంది.

మామయ్య వినపడనట్టు తాపీ కడుక్కుంటూ కూర్చున్నాడు.