షేర్ ఆటోలో లలిత సంగీతం

మండపేటలో రామచంద్రపురం వెళ్లే షేర్ ఆటో ఎక్కి డ్రైవర్ పక్కన కూర్చున్నాను. రేడియోలో భక్తి గీతాలయ్యాయి, జానపదాలయ్యాయి. తర్వాత లలిత సంగీతం అనేసరికి నా ఓపిక అయిపోయింది.

“సినిమా పాటలు పెట్టవయ్యా,” అన్నాను.

డ్రైవర్ అద్దంలోంచి వెనక సీట్లోని పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ అప్పటిదాకా రేడియో వైపే వంగి కూర్చున్నారు.

“పెట్టు బాబూ. పాపం, ఆయనెక్కడి నుంచొచ్చారో,” అన్నారు.

అతను స్టేషన్ మార్చాడు. నాకిష్టమైన పాటే వచ్చింది. తొడ మీద తాళం వేస్తూ నేనూ గొంతు కలిపాను.

కాసేపటికి ఆవిడ ఫోన్ మోగింది. స్పీకర్‌లో ఒక అమ్మాయి ఆత్రంగా అడిగింది. “అమ్మా, రేడియోలో నా పాట విన్నావా?”

“విన్నానమ్మా. ఎంత బాగా పాడావో!”

నా చెయ్యి తొడ మీదే ఆగిపోయింది. ఆవిడ ఫోన్ పెట్టేశాక, “ఒక్క మాట చెప్పుంటే మార్పించేవాణ్ణి కాదు కదండీ,” అన్నాను.

“పర్లేదండి. మీరూ బాగానే పాడారు.”

గోదావరి వెటకారమేమోనని అద్దంలో ఆవిడ ముఖం చూశాను. కాదు, మనస్ఫూర్తిగానే అన్నారు. వెటకారమైనా బాగుండేది.