టైపు సారు దాచిన వాక్యం

మా టైపు సారు పోయారని ఆయన కూతురు కోరుట్ల నుంచి ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్లలో, మా బడి పిల్లల చేత ఎక్కాలు చదివిస్తున్నాను. చదువుతూ ఉండమని చెప్పి వరండాలోకి వచ్చాను. ఏడుపు రాలేదు. అలాంటి మనిషి దగ్గర నేర్చుకున్నానా అన్న ఆశ్చర్యమే మళ్లీ కలిగింది.

ఆయన కోరుట్లలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. ఆరు మిషన్లు, రెండు బెంచీలు. మేం కీల వైపు చూస్తే కోప్పడేవారు కాదు. మా చేతుల మీద తువ్వాల కప్పి ముందుకు వెళ్లిపోయేవారు. "వేళ్లకు తొవ్వ ఎర్కనే. నువ్వే నడిమిట్ల అడ్డం అస్తున్నవ్" అనేవారు.

మిషన్ల కాలం పోయాక కంప్యూటర్ కొన్నారు. ఆ తర్వాత షుగరు ఆయన కళ్లను తినేసింది. ఇక చూపు రాదని జగిత్యాలలో కంటి డాక్టరు చెప్పిన రోజు, తిరుగు బస్సులోనే కూతురికి ఫోన్ చేశారట. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుందట కదా, అది పెట్టించమని. రెండు నెలలు తిరిగేసరికి, విని పని చేసుకోవడం వచ్చేసింది.

మూడేళ్ల కింద ఎవరో నా మెయిల్‌లోకి దూరి, పాస్‌వర్డు మార్చి, నన్నే బయట నిలబెట్టారు. చనిపోయిన మా అమ్మ ఫొటోలు, ఆమె గొంతు రికార్డు చేసినవి అన్నీ అందులోనే ఉన్నాయి. పది రోజులు తిరగ్గా మెయిల్ చేతికొచ్చింది కానీ భయం పోలేదు. అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డు వాడేదాన్ని. సారు దగ్గరికి వెళ్లాను.

నా పాత పాస్‌వర్డు ఒకసారి కొట్టమన్నారు, తనకు చెప్పొద్దన్నారు. కొట్టాను. ఆయన తల వంచి విన్నారు.

"ఆరు అచ్చరాలు, ఎనక నాలుగు అంకెలు. అమ్మ పేరు, నువ్వు పుట్టిన సంవత్సరమా బిడ్డా?"

సరిగ్గా అదే. అంకెలని ఎలా తెలిసిందన్నాను. అంకెల వరసకు వేలు సాగినప్పుడు చప్పుడు మారుతుందట. మరి పేరెలా తెలిసిందని అడిగాను.

"పేరు నాకేం వినపడలే. అందరు గదే పెడ్తరు. నాకే దొరికింది, దొంగకు దొరకదా?"

అప్పుడు తన కంప్యూటర్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచారు. మన పాస్‌వర్డులన్నిటినీ ఒక్కచోట తాళం వేసి దాచే సాఫ్ట్‌వేర్ అది. ఒక్కో ఖాతాకు ఎవరూ ఊహించలేని పాస్‌వర్డును అదే తయారు చేస్తుంది, అదే గుర్తు పెట్టుకుంటుంది. ఆ తాళం తీసే పెద్ద పాస్‌వర్డు ఒక్కటే మన యాదిలో ఉండాలి. అది పొడుగాటి వాక్యమైతే మంచిదన్నారు. ఆయన వాక్యం నలభై అక్షరాలకు తక్కువ ఉండదు. చూపు లేకుండా, ఆగకుండా, ఒక్క తప్పూ లేకుండా కొట్టారు.

నా పెద్ద పాస్‌వర్డు కొట్టే వంతు వచ్చేసరికి లేచి, గోడ తడుముకుంటూ పెరట్లోకి నడిచారు. మీకు కనబడదు కదా సార్, ఎందుకు వెళ్తున్నారని అడిగాను.

"చెవులున్నయి గదా" అన్నారు.

చూపున్న నేను రెండుసార్లు తప్పు కొట్టాను.

సారు దినాలు అయిన మర్నాడు ఆయన కూతురు బీరువాలోంచి ఒక కవరు తీసుకొచ్చింది. తాను పోయాకే తెరవమని రెండేళ్ల కిందే ఇచ్చారట. లోపల పాత మిషన్ మీద కొట్టిన ఒకే ఒక్క వాక్యం. అక్షరాలన్నీ గీత గీసినట్టు వరసగా ఉన్నాయి. ఆ వాక్యం ఇక్కడ రాయను. ఆమె చదువుతుంటే నేను కొట్టాను. తాళం తెరుచుకుంది.

కరెంటు, గ్యాస్, బ్యాంకు, మెయిల్. ప్రతి ఖాతా కింద కూతురికి ఒక మాట రాసి పెట్టారు. ఇది మీ అమ్మ పేరు మీదికి మార్చు. దీనితో పని లేదు, మూసెయ్యి. దీని గురించి భయపడకు, అంతా సరిగ్గానే ఉంది. కనబడని కళ్లతో, మేం ఈ కుర్చీలో కూర్చునే రోజును ఆయన ఎంత స్పష్టంగా చూశారో అనిపించింది.

అన్నిటికన్నా కింద, భార్యకని రాసిన ఉత్తరం ఉంది. కూతురు దాన్ని పైకి చదవబోయింది. అప్పటిదాకా గడప దగ్గర కూర్చున్న సారు భార్య చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు సదువకు బిడ్డా. మీ బాపుకు సదివి చెప్పెటిదున్నది గదా, గదాన్నే చెప్పుమను."

కూతురు సారుకు చదివి వినిపించిన ఆ సాఫ్ట్‌వేర్‌నే నడిపి, ఇయర్‌ఫోన్లు తగిలించి తల్లి చెవుల్లో పెట్టింది. మేమిద్దరం దూరంగా జరిగాం. మాకు ఏమీ వినిపించలేదు. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని, నేల వైపు చూస్తూ, ఎదురుగా ఎవరో కూర్చుని మాట్లాడుతున్నట్టు మెల్లగా ఊఁ కొడుతూ ఉంది.