తమ్ముడి గోడ మీది ముఖాలు

ఆ ఉదయం కోడేరులో మా ఇంట్లో, పూజ ముగించి జొన్నపిండి కలుపుతున్నాను. పొయ్యి మీద ఎసరు కాగుతోంది. మా ఆయన పశువులకు మేత వేసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. వనపర్తి నుంచి మరదలు ఫోన్ చేసింది. "వదినా, లేపితే లేస్తలేడు" అంది. మేం వెళ్లేసరికి తమ్ముడు లేడు.

నాకన్నా ఆరేళ్లు చిన్నవాడు. ఓడల మీద వెల్డరుగా ఇరవై ఏళ్లు తిరిగాడు. తోటివాళ్లు బంగారం, అత్తర్లు తెచ్చుకుంటే వీడు పసిఫిక్ సముద్రపు దీవుల నుంచి కొయ్య ముఖాలు తెచ్చాడు. మీరు చూసి ఉండకపోవచ్చు: పొడవాటి ముక్కులు, గవ్వల కళ్లు, గడ్డి జుట్టు. ముందుగది గోడ నిండా అవే. ప్రతి ఆదివారం కింద కూర్చుని, ఒక్కోదాన్ని ఒళ్లో పెట్టుకుని, రంగులేసే కుంచెతో దుమ్ము దులిపేవాడు.

"ఆ దీవులోళ్ల దేవుళ్లేనారా ఇవి?" అని ఒకసారి అడిగాను.

"కొన్ని వాళ్ల పెద్దలు. కొన్ని ఉత్తగ మా అసొంటోళ్లకు అమ్మనీకె చేసినయి. అయినా చెక్కినోని చెయ్యి నిజమే గదక్కా."

వాటి మధ్య ఒక మేకుకు ఎముక బాకు వేలాడేది. మనిషెత్తు పక్షి కాలి ఎముకకు సానపట్టి, పిడి మీద సన్నని గీతలు చెక్కింది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నా మనసొప్పలేదు.

"ఇంట్ల ఎముక పెట్టుకుంటర్రా ఎవరన్న?"

"శంఖం గూడ ఒక జీవి ఒంటిదే గద. నీ దేవుని అర్రల లేదా?" అని మా పూజగది సంగతి ఎత్తి నవ్వాడు.

ఆ పూట వాళ్లింట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చేశాను. తప్పు నాదే.

తర్వాత ఎప్పుడు వెళ్లినా ఆ మేకు ఖాళీగా ఉండేది. ఎవరికో ఇచ్చేశాడనుకున్నాను. అడగలేదు.

పదో దినం సాయంత్రం అందరం ముందుగదిలో కూర్చున్నాం. "పరాయి దేశపోళ్ల ముఖాలు ఇంట్ల ఎందుకు బిడ్డా? అన్నీ కృష్ణల కలిపొద్దాం" అన్నాడు మా చిన్నాయన, మరదలితో. మరదలు లేచింది. లోపలికి వెళ్లి, తువ్వాలలో చుట్టిన బాకు తెచ్చి నా ముందు పెట్టింది.

"గిది గూడ ఉంది వదినా. మీరొస్తున్నరంటే ముందే తీసి అటక మీద పెడుతుండె. మీరు పోంగనే మళ్ల తగిలిస్తుండె. అక్క మనింట్ల నీళ్లు తాగాలె అంటుండె."

బాకును చేతిలోకి తీసుకున్నాను. ఇంటి పెద్ద ఆడపడుచుని, అందరూ నావైపే చూస్తున్నారు.

"ఏదీ కలపొద్దు చిన్నాయనా" అన్నాను.

"నీకే లేని పట్టింపు నాకెందుకమ్మా" అన్నాడాయన.

ముఖాలు ఆ గోడకే ఉండాలని, వాటి దుమ్ము మరదలు దులపాలని, బాకును దాని మేకుకే తగిలించాలని, నేను వచ్చిన రోజు కూడా తీయకూడదని అనుకున్నాం.