నాపరాయి మీది ఏనుగు

పాఠక మహాశయులారా, ముందే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను: బీఎస్సీ రెండుసార్లు రాసి గట్టెక్కినవాడికి అంతటి పెద్దమనిషి గురించి రాసే అర్హత లేదు. కానీ మా సిగ్నల్ సారు మొన్న మంగళవారం తాండూరులో పోయారు. ఆయన యంత్రంతో ఆఖరిసారి ఆడినవాణ్ణి నేనే.

సారు వికారాబాద్ జంక్షన్లో సిగ్నళ్లు బాగుచేసేవారు. "సిగ్నల్ అబద్ధం జెప్తె ఎవరో ఒకరు సస్తరు కొడుకా" అనేవారు, చాయ్ చల్లారిందన్నంత మామూలుగా. రిటైరయ్యాక మా పక్కింట్లో చేరి, పనికిరాని సిగ్నల్ సామానుతో చదరంగం ఆడే పెట్టె చేశారు. పైన పలుచటి నాపరాయి, దాని కింద కదిలే అయస్కాంతం. యంత్రానికి రాజూ ఏనుగూ. మనకు ఒంటరి రాజు. లోపల టక్కు టక్కుమనేది, రాయి మీద ఏనుగు తనంతట తానే జరిగేది. ఎవరాడినా ఓటమే. ఆ చప్పుడు వినపడితే మా అమ్మ తలుపు వేసుకునేది.

"ఇది ఆలోచిస్తదా సారూ?"

"మతి నాది, చెయ్యి దానిది. గంతే."

దాన్ని హైదరాబాదులో కాలేజీ ప్రొఫెసర్లకు చూపించే వారం వచ్చింది. ఆఖరి పరీక్షకు నన్ను కూర్చోబెట్టారు. నా రాజుకు ఇంకా షా, అంటే చెక్, పడలేదు గనుక, మన పాత పద్ధతిలో గుర్రంలా ఒక్క దూకు దూకించాను.

"అరే, గిదేం ఆట రా? నేను ఇంగ్లీషు పుస్తకం జూసి చేసిన!"

"తాండూరు ఆట సారూ. మా తాత గిట్లనే ఆడిండు."

యంత్రం ఆగకుండా టకటకలాడింది. ఎర్రబల్బు వెలిగి ఆరింది. సారు బ్యాటరీ చూద్దామని కిందికి వంగారు. లేచేసరికి ఏనుగు వేరే గడిలో ఉంది, నా రాజుకు షా చెబుతూ.

"గా దూకు నేను నేర్పలే," అన్నారు సారు. మొహంలో నెత్తురు లేదు. "దానికెట్ల ఎరుకైంది రా?"

తీగ పీకేశారు. దుప్పటి కప్పారు. హైదరాబాదుకు రానని కార్డు రాసేశారు. ఆ తర్వాత మూడేళ్లు ఆ గదిలో గుసగుసగానే మాట్లాడారు. నేను గొంతు పెంచితే, "మెల్లగ! ఇంటది" అనేవారు. దుప్పటి జారితే మొహం తిప్పుకుని సర్దేవారు. మొదటి రోజే చెబితే నన్ను తన్నేవారు, అంతటితో పోయేది. రోజులు గడిచేకొద్దీ నాకు నోరు రాలేదు.

నిన్న దుప్పటి తీసి, పెట్టె విప్పాను. అయస్కాంతం పాత గడి కిందే ఉంది. సారు ఒక్కసారి విప్పినా చూసేవారు. ఆ రోజు మతీ దానిది కాదు, చెయ్యీ దానిది కాదు. ఆయన వంగినప్పుడు ఏనుగును ఈ చూపుడువేలితో నేనే జరిపాను.