నూట అరవై మూడో అట్ట

నా చిన్నప్పుడు ధర్మవరంలో చీర అంచు మీది పువ్వు ముందుగా అట్టల మీద చిల్లులుగా పుట్టేది. ఆ అట్టలు వరసగా మగ్గం పైకెక్కితేనే ఏ పోగు లేవాలో మగ్గానికి తెలుస్తుంది. చిల్లులు చేత్తో కొట్టే పని అప్పుడప్పుడే పోయి, పక్కింటి అక్క ఇంట్లో కంప్యూటర్‌తో నడిచే యంత్రం వచ్చింది.

ఆ రోజు మాది పెళ్లి చీర. రెండు వందల నలభై అట్టలు. సాయంత్రానికి అవి మగ్గం ఎక్కకపోతే పని వేరే ఇంటికి ఇస్తానని షావుకారు మా నాయనతో చెప్పి వెళ్లాడు. రెండింటికి కరెంటు పోతే మళ్లీ రాత్రికిగానీ రాదు. యంత్రం నిమిషానికి రెండు అట్టలు కొడుతుంటే నేను లెక్కపెడుతున్నాను. ఒంటిగంటా పదికి, నూట అరవై మూడో అట్ట మొదలుకాకుండానే ఆగిపోయింది.

మిగిలినవి డెబ్బై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది నిమిషాల పని. అంటే మా చేతిలో ఉన్నవి పదకొండు నిమిషాలు. ఖాళీ అట్టలు ఎనభై మాత్రమే ఉన్నాయి, మళ్లీ మొదటినుంచి కొట్టే దారి లేదు.

ప్రోగ్రాము రాసిన బెంగళూరాయన దాన్ని డీబగ్గర్ లోపలే నడిపించుకోమని పోయినవారం చెప్పి వెళ్లాడు. నడిచే ప్రోగ్రామును మధ్యలో నిలిపి, లోపలి సంగతి చూపించే సాధనం అది. ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. అక్క ‘హెల్ప్’ అని కొట్టింది. తెర నిండా ఆజ్ఞల జాబితా వచ్చింది. అందులోంచి, దేన్నీ మార్చకుండా స్థితిని మాత్రమే చెప్పే ఆజ్ఞలేవో వెతకసాగింది.

“ఏమ్మా, దాంతో ముచ్చట్లు పెట్టుకున్యావా? ఆపి మళ్లా ఎయ్” అన్నాడు నాయన.

“పోగు తెగితే నువ్వు ఊరికే గుంజుతావా చిన్నాయనా? యాడ తెగిందో చూసుకోవా?” అంది అక్క.

నాకు మాత్రం గడియారమే కనిపిస్తోంది. జాబితాలో నాకు అర్థమైన మాట ఒకటుంది. ‘రన్’ అంటే నడుపు అనే కదా! అక్క తెర మీదికి వంగి జాబితా చదువుకుంటుంటే ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలూ నేనే కొట్టేశాను. ఎంటర్ మీదికి వేలు పోతుండగా అక్క గట్టిగా పట్టుకుంది.

“దాని సంగతి అడిగినావా పాపా?”

ఆ మాట చెరిపి, ‘హెల్ప్ రన్’ అని కొట్టింది. ప్రోగ్రామును మొదటినుంచి ప్రారంభిస్తుందని జవాబు. నేను నొక్కి ఉంటే ఉన్న ఎనభై అట్టలూ పాడయ్యేవి.

అప్పుడు ‘ఇన్ఫో’తో, ఎక్కడెక్కడ ఆగమని చెప్పి ఉందో అడిగింది. ఒకే ఒక్క చోటు: అట్ట నూట అరవై మూడు అయినప్పుడు. బెంగళూరాయన ఏదో పరీక్షకు పెట్టి తీయడం మరిచాడు. అంతవరకూ వచ్చిన చీరలన్నీ నూట అరవై అట్టల లోపువే కాబట్టి ఎవరికీ తెలియలేదు. యంత్రం చెడిపోలేదు, ఆగమన్నచోట ఆగింది, అంతే. అక్క ‘కంటిన్యూ’ గురించి కూడా అడిగి, ఆగినచోటు నుంచే సాగుతుందని చదివాకే ఎంటర్ కొట్టింది. ఒంటిగంటా పంతొమ్మిది.

చివరి అట్ట ఒంటిగంటా యాభై ఎనిమిదికి పడింది. “అడిగేదానికే తొమ్మిది నిమిషాలు తినేసినావే!” అని నాయన నవ్వుతూనే అట్టలు ఎత్తుకున్నాడు.

ఇప్పుడు నేనూ మగ్గాలవాళ్లకు పడుగు లెక్కలు కంప్యూటర్‌లో వేసిస్తున్నాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఆ ‘హెల్ప్’నే అడిగి అడిగి నేర్చుకున్నాను. ఎంత తొందరలో ఉన్నా ఎంటర్ కొట్టే ముందు నా వేలు ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది, ఇంకా ఎవరో పట్టుకున్నట్టే.